తోక చూసే దాకా గేటు తీయకు

నా పేరు నాంచారమ్మ. విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే లైన్లో ఒక రైల్వే గేటు దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేశాను. సంతకం వచ్చు. అంకెలు వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటూ చదవగలను, కానీ చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. అందుకని నేను చెబుతున్నాను, రత్నకుమారి రాస్తోంది. ఈ పిల్ల మొన్ననే గేటు ఉద్యోగంలో చేరింది. చేరిన పది రోజులకే కళ్లు ఎర్రగా చేసుకుని మా ఇంటికి వచ్చింది.

"పిన్నిగారూ, రైళ్లతో నాకేం బాధ లేదండీ. ఈ డ్రైవర్లతోనే పడలేకపోతున్నా" అంది.

అప్పుడే మంచినీళ్లు తాగుతున్నాను. నవ్వొచ్చి పొలమారింది. ఆ పిల్లే నా నెత్తి మీద తట్టాల్సి వచ్చింది.

"నేనేడుస్తుంటే నవ్వుతారేంటండీ?"

"నిన్ను చూసి కాదే, నా గేటు గుర్తొచ్చి!"

రైలు మనల్ని ఏమీ అనదు. వస్తుంది, పోతుంది. అనేవాళ్లంతా రోడ్డు మీద ఉంటారు. వాళ్ల దగ్గర ఎంత పడాలో, ఎక్కడ పడకూడదో నాకు తెలిసినంత చెబుతాను, రాసుకో అన్నాను. కూర్చుంది.

పని ఏమిటంటే

మా ఆయన ఆ లైన్లోనే పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. కామెర్లొచ్చి పోయాడు. తొంభైల మొదట్లో ఆయన ఉద్యోగం బదులు నాకు గేటు ఇచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, గేటు పక్కనే ఒంటిగది క్వార్టరు. మా ఇన్‌స్పెక్టరు గారు పట్టాల మీద తోసుకొచ్చే ట్రాలీ మీద వచ్చి, దిగకుండానే చెప్పారు.

"చూడు నాంచారమ్మా, ఏడాది చూస్తాం. ఈలోపు గేటు దగ్గర ఒక్క తప్పు జరిగిందా, ఉద్యోగం ఉండదు, క్వార్టరూ ఉండదు. తెలిసిందా?"

నాకు తెలిసింది. లోపల నుంచి వింటున్న నా పెద్దకూతురికి ఇంకా బాగా తెలిసింది. మర్నాటి నుంచి అది గేటు కడ్డీని దేవుడి పటం తుడిచినట్టు తుడిచేది.

పని చెప్పుకుంటే చిన్నదే. బండి బయలుదేరిందని స్టేషను నుంచి ఫోను వస్తుంది. చక్రం తిప్పితే రోడ్డుకు రెండు వైపులా కడ్డీలు దిగుతాయి. తాళం వేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. బండి పోతుంది. ఆఖరి పెట్టెలో గార్డు ఉంటాడు. మన జెండా చూసి తన జెండా ఊపుతాడు. ఆయన పెట్టె వెనక ఒక బోర్డు వేలాడుతుంది. దాన్ని మేం తోక అంటాం. తోక కనబడితే బండి మొత్తం వెళ్లినట్టు. కనబడకపోతే ఎక్కడో మధ్యలో కొక్కెం ఊడి సగం బండి వెనకే లైను మీద నిలిచిపోయినట్టు. ఆ సంగతి తెలియక ఇంకో బండిని వదిలారంటే అది వచ్చి దీన్ని గుద్దుతుంది. అందుకని తోక చూసే దాకా గేటు తీయకూడదు. చూడకపోతే వెంటనే ఫోను చేసి ఒప్పుకోవాలి.

అంతే పని. మిగతాదంతా హారన్లు.

హారన్లు

మూడు నెలల్లో నాకు హారన్లు మనుషుల గొంతుల్లా తెలిసిపోయాయి. గదిలో పప్పు రుబ్బుకుంటూనే ఎవరొచ్చారో చెప్పేదాన్ని.

లారీవాడు ఒక్కసారే కొడతాడు, పొడుగ్గా. కొట్టి, ఇంజను ఆపి, దిగి బీడీ వెలిగిస్తాడు. ఆటోవాడు ఆపకుండా పీ పీ పీ అంటూనే ఉంటాడు, హారను ఆగితే ఆటో కూడా ఆగిపోతుందేమో అన్నట్టు. బస్సు డ్రైవరు అసలు కొట్టడు. వాచీ చూసుకుని కండక్టరు వంక చూస్తాడు. కండక్టరు దిగొచ్చి మనల్ని తిడతాడు. ట్రాక్టరువాడు నిద్రపోతాడు. గడ్డి లోడు మీద కూర్చున్న కూలీలు వాణ్ని లేపరు, వాళ్లకూ నిద్రే. గేటు తీశాక చెంబుతో నీళ్లు తీసుకెళ్లి మొహాన చిలకరించడం మన పని. ఇది రైల్వే పుస్తకంలో లేదు, అయినా మనదే.

పెద్ద కారులో పెద్దమనిషి ఉంటే హారను కొట్టేది డ్రైవరు, కోపం పెద్దమనిషిది. ఒకాయన అద్దం దించి, "నేనెవరో తెలుసా?" అన్నాడు. తెలియదని చెబితే నొచ్చుకుంటాడు, తెలుసంటే గేటు తీయమంటాడు. నేను గదిలోకి వెళ్లి ఎర్రజెండా తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాను.

"అయ్యా, తమరు ఈ జెండా పట్టుకుని పట్టాల మధ్యన నిలబడండి. తమరెవరో తెలిసి రైలాగితే, గేటు తీసేస్తాను."

అద్దం పైకి వెళ్లిపోయింది. వెనకాల లారీ క్లీనర్ల ఈలలు. కారు డ్రైవరు మాత్రం స్టీరింగు మీదకు వంగి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు, చప్పుడు లేకుండా, వాడి ఉద్యోగం వాడు కాపాడుకోవాలిగా.

అన్నిటికంటే కష్టం స్కూటరు. అది కడ్డీ కింద నుంచి దూరుతుంది. మా దగ్గరి హైస్కూలు లెక్కల మాస్టారు రోజూ స్కూటరును పక్కకు పడుకోబెట్టి, క్యారేజీ చంకలో పెట్టి, నడుం వంచి దూరిపోయేవారు. "మాస్టారూ, వద్దండీ" అంటే, "నాకు టైమంటే టైమమ్మా" అనేవారు. చదువుకున్నాయన్ని ఏమనగలం? ఒకరోజు వెనకాల ఆటోలో ఆయన బడి పిల్లలే పన్నెండు మంది కుక్కుకుని ఉన్నారు. మాస్టారు సరిగ్గా కడ్డీ కింద సగం లోపల, సగం బయట ఉన్నప్పుడు నేను గొంతెత్తి, "నమస్కారం మాస్టారూ!" అన్నాను. పన్నెండు గొంతులూ ఒక్కసారే, "నమస్తే సార్!"

మాస్టారు వెనక్కి వచ్చారు. నిటారుగా నిలబడి, బట్టలు దులుపుకుని, "గేటు పడినప్పుడు ఆగాలి, తెలిసిందా?" అని పిల్లలకు చెప్పారు. మళ్లీ ఎన్నడూ దూరలేదు.

రత్నకుమారీ, ఇది కింద గీత పెట్టి రాయి. తిడితే తిరిగి తిట్టకు. తిట్టడంలో వాళ్లకున్న అభ్యాసం మనకు లేదు. ఆగినవాడికి చెయ్యడానికి ఏదైనా పని ఇవ్వు. ఊరికే ఉన్నవాడే గేటు ఊపుతాడు.

పందెం

ఆ ఊరికే ఉండటానికి మందు మా గేటు దగ్గర ఇద్దరు కనిపెట్టారు. ఒకడు మస్తాను. విజయవాడ మనిషి, ధాన్యం మిల్లుకు లారీ తోలేవాడు. రెండోవాడు సాంబయ్య, ఆటో. మధ్యాహ్నం గూడ్సు వేళకు ఇద్దరూ ఎలా తగిలేవాళ్లో తగిలేవాళ్లు. గూడ్సుకు ఎన్ని పెట్టెలో, సరా బేసా అని పందెం. ఓడినవాడు వరసలో ఉన్న డ్రైవర్లందరికీ పక్క బడ్డీలో టీ పోయించాలి. ఈ పందెం వచ్చాక హారన్లు సగానికి తగ్గాయి. వరస మొత్తం గూడ్సు కోసం ఎదురుచూసేది. ఇది నాకు వరమనుకున్నాను.

నేను చేరి పది నెలలు. కోతల రోజులు. మిట్టమధ్యాహ్నం గేటు వేశాను. వరసలో మొదట సాంబయ్య ఆటో, తర్వాత ఒక బస్సు, మస్తాను లారీ, గడ్డి ట్రాక్టరు, మాస్టారి స్కూటరు, ఆఖరున కూచిపూడి నుంచి ప్రోగ్రాముకు పోతున్న వ్యాను. వ్యాను నిండా వేషాలు కట్టిన ఆడపిల్లలు. కళ్లకు ఇంత కాటుక, కాళ్లకు గజ్జెలు. వాళ్లు ఊరికే కాళ్లు కదిపినా వరసంతా గలగలమంటోంది. ఆ రోజు గాలిలోనే ఏదో తిక్క ఉంది.

మస్తాను సరి అన్నాడు, సాంబయ్య బేసి అన్నాడు. గూడ్సు వచ్చింది. వరస మొత్తం లెక్కపెడుతోంది. ఆడపిల్లలు పెట్టెకొక గజ్జె కొడుతున్నారు. "ఇరవై ఎనిమిది! ఇరవై తొమ్మిది!" ఇంతలో సాంబయ్య ఇంజనును కూడా లెక్కలో కలిపాడని తేలింది.

"ఇంజను పెట్టె ఎట్టా అవుద్దిరా?"

"పట్టాల మీద పోతందా లేదా? పెట్టే!"

"అక్కని అడుగు. అక్కా, రైల్వేదానివి, నువ్వు చెప్పు!"

రైల్వేదానివి! నన్ను అప్పటిదాకా ఎవరూ అలా అనలేదు. గ్యాంగ్‌మన్ పెళ్లాం అన్నారు, గేటామె అన్నారు. నేను పూర్తిగా వెనక్కి తిరిగి, జెండా ఉన్న చెయ్యి నడుం మీద పెట్టుకుని, జడ్జీలా తీర్పు చెప్పాను.

"ఇంజను లాగేది. లెక్కలో రాదు!"

చప్పట్లు. సాంబయ్య లెక్క ముప్పై రెండు; ఇంజను తీసేస్తే ముప్పై ఒకటి, బేసి. అయినా సాంబయ్యే గెలిచాడు! రోడ్డు మీద గిరగిరా తిరిగాడు. వ్యానులో పిల్లలు వాడి అడుగుకు గజ్జెలు కలిపారు. నేను కడుపు పట్టుకుని నవ్వుతూనే వెళ్లి చక్రం తిప్పాను. గేటు లేచింది. నా పద్దెనిమిదేళ్లలో పెద్ద తప్పు ఏడుస్తూ చేయలేదు, భయపడుతూ చేయలేదు. నవ్వుతూ చేశాను.

ఆటో దాటింది, బస్సు కదిలింది. జెండా చుట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. గార్డు జెండా ఊపడం చూశాకే నేను నా జెండా చుడతాను. అది చుట్టకుండా చంకలోనే ఉంది. గార్డును చూశానా? తోక చూశానా? లైను వంక చూస్తే బండి తుమ్మచెట్ల వంపు దాటిపోయింది.

పరిగెత్తి రోడ్డుకడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాచి అరిచాను. బస్సు నా మోకాళ్ల దగ్గర ఆగింది. కడ్డీలు మళ్లీ దించేశాను. దాటిన సాంబయ్య ఏమైందోనని వెనక్కి వచ్చాడు, బస్సు కండక్టరు దిగొచ్చాడు.

సాక్షులు

"గార్డు పెట్టె ఎవరైనా చూశారా? వెనక తోక బోర్డు చూశారా?" అని అడిగాను.

ఎవరూ చూశామనలేదు. కండక్టరు, "చూడకపోతే ఏమవుద్దమ్మా?" అన్నాడు.

ఇక్కడ రెండో తప్పు చేశాను. బండి బండిని గుద్దుతుందని చెప్పలేదు. నాకు అప్పుడు కళ్ల ముందు మెదిలింది ఇన్‌స్పెక్టరు గారు, ఒంటిగది, కడ్డీ తుడిచే నా కూతురు. "నా ఉద్యోగం పోద్దయ్యా" అన్నాను.

అంతే! ఒక్కసారిగా అందరూ చూసేశారు.

"నేను చూశానక్కా! మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు సాంబయ్య. "గార్డు నాకు చెయ్యి కూడా ఊపాడమ్మా" అన్నాడు కండక్టరు. "నేను కళ్లారా చూశాను, అవసరమైతే రాసిస్తాను" అన్నారు మాస్టారు. ట్రాక్టరువాడు మొత్తం నిద్రలోనే ఉన్నాడు, వాడు కూడా చూశాడు. వ్యానులోంచి కూచిపూడి పిల్లలు, "మేమూ చూశాం పిన్నిగారూ!" అని, గార్డు జెండా ఎలా ఊపాడో చేత్తో పట్టి చూపించారు. ఆ చెయ్యి, ఆ కనుబొమ్మలు, ఆ మెడ! నిజంగా ఏ గార్డూ అంత అందంగా ఊపడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లారీకి ఆనుకుని నిలబడిన మస్తాను ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

"గార్డు పెట్టె రాలేదక్కా."

"నోర్ముయ్‌రా మస్తానూ!" అన్నాడు సాంబయ్య. "ఓడిపోయి టీలు ఎగ్గొడదామని!"

"ఔన్రా, ఎగ్గొడదామనే చూస్తన్నా! గార్డు పెట్టె దాకా వస్తేనే కదా లెక్క తేలేది? అది రాలేదు. పందెం తేలలేదు. టీలు పోయను!"

"గుక్కెడు టీ కోసం ఆడమనిషి కూడు తీస్తావంట్రా?"

వరసంతా వాడి మీద పడింది. నేను మధ్యలో నిలబడ్డాను. నా మంచి కోరినవాళ్లంతా తోక చూశారు. టీ ఎగ్గొట్టాలనుకున్నవాడు ఒక్కడే చూడలేదు. చదువులేని దాన్నే, కానీ ఇద్దరు పిల్లల్ని పెంచాను. దొంగమాట ఎలా పట్టుకోవాలో తెలుసు.

"సరే. బోర్డు ఏ రంగు?" అన్నాను.

"ఎరుపు" అన్నాడు సాంబయ్య. "పసుపు" అన్నాడు కండక్టరు. "తెలుపు, స్పష్టంగా" అన్నారు మాస్టారు. "ఆకుపచ్చ" అన్నాడు ట్రాక్టరువాడు. ఆడపిల్లలు గుండ్రంగా చేత్తో ముద్ర పట్టారు. నలుగురు, నాలుగు రంగులు, పైన ఒక ముద్ర!

గదిలోకి పరిగెత్తి ఫోను తిప్పాను.

"అయ్యా, నేను తోక చూడలేదండీ. గేటు తీసేశానండీ. మళ్లీ వేశానండీ."

ఎత్తింది గుడివాడ వైపు స్టేషను మాస్టరు గారు. ఈ గూడ్సు వచ్చి చేరడమే తరువాయి, ఆ ఒంటి లైను మీదే మా వైపు వదలడానికి అక్కడ పాసింజరు సిద్ధంగా ఉంది. "పాసింజరును ఆపుతున్నా, నువ్వు గేటు తీయకు" అని పెట్టేశారు.

గార్డు గారు

బయటకొచ్చి, "గేటు ఇప్పట్లో తీయను" అన్నాను. ఇందాక నా కోసం ఒట్లు వేసినవాళ్లే ఇప్పుడు నన్ను తిట్టారు. హారన్లు మొదలయ్యాయి. నేను గేటు తాళం బొడ్లో దోపుకుని కూర్చున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సామాను ఎన్ని మూటలవుతుందో కూడా ఆలోచించాను.

చాలాసేపటికి, విజయవాడ వైపు నుంచి పట్టాల మీద ఒక మనిషి నడుచుకుంటూ వస్తున్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో ఎర్రజెండా. లావుపాటి మనిషి, చెమటతో తడిసి ముద్దైపోయాడు. గేటు దగ్గరకొచ్చి, ఆయాసపడుతూ, తప్పిపోయిన గేదె గురించి అడిగినట్టు అడిగాడు.

"అమ్మా, మా ఇంజను ఇటేమైనా వెళ్లిందా?"

ముందు నాకే నవ్వొచ్చింది. తర్వాత సాంబయ్యకు. తర్వాత రోడ్డంతా! కండక్టరు బస్సుకు ఆనుకుని జారిపోయాడు. వ్యానులో పిల్లల కాటుక చెంపల దాకా కారిపోయింది. గార్డు గారు, "నవ్వుతారేంటయ్యా, నా సగం బండి వెనక వంతెన దగ్గర ఉంది!" అన్నారు. దాంతో ఇంకా ఎక్కువైంది.

నవ్వనిది మాస్టారు ఒక్కరే. స్కూటరు పట్టుకుని నిలబడిపోయారు. "పాసింజరులో మా ఆవిడ వస్తోందమ్మా" అన్నారు. తెలుపు, స్పష్టంగా అన్న మనిషి.

అప్పుడు నవ్వు ఆగింది.

కొంతసేపటికి వెనక స్టేషను నుంచి ఇంకో ఇంజను వచ్చి మిగిలిన పెట్టెలను నెట్టుకుంటూ తెచ్చింది. రెండు నిమిషాలు ఆగలేని మనుషులు, ఒక్కడూ హారను కొట్టలేదు. అందరూ దిగి గేటు దగ్గర నిలబడి ముప్పై రెండు నుంచి లెక్క అందుకున్నారు. నలభై ఎనిమిది! సరి! మస్తాను లారీ ఎక్కి తువ్వాలు తిప్పాడు. ఆ పెట్టెల వెనకే గార్డు గారి పెట్టె కదిలి వచ్చింది.

"నలభై తొమ్మిది" అన్నాడు సాంబయ్య.

"గార్డు పెట్టె లెక్కలో రాదు!" అన్నాడు మస్తాను.

"ఏం, నా పెట్టె ఎందుకు రాదయ్యా?" అన్నారు గార్డు గారు, బాగా నొచ్చుకుని.

"గార్డు పెట్టె దాకా వస్తేనే లెక్క అన్నది నువ్వే కదరా!" అంది వరసంతా.

నిజం చెప్పిన ఒక్కడూ పందెం ఓడిపోయాడు. అందరికీ టీలు పోయించాడు, గార్డు గారికి రెండు. పోయిస్తూ, "ఈ రైల్వేని నమ్మకూడదక్కా" అన్నాడు. అంత తియ్యటి టీ నేను మళ్లీ తాగలేదు.

రెండు కాగితాలు

తర్వాతి వారం ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఈసారి ట్రాలీ దిగారు, చేతిలో రెండు కాగితాలు.

"నాంచారమ్మా, ఒకటి తోక చూడనందుకు మందలింపు. ఒకటి చూడలేదని చెప్పినందుకు మెచ్చుకోలు. ఏది ముందు చదవమంటావు?"

"రెండూ నాకు ఒకేలా కనబడతాయండీ. అసలు ఉద్యోగం ఉందా లేదా, అది చెప్పండి."

ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. "ఉంది, ఉంది. చూడకుండా చూశానని చెప్పి ఉంటే మాత్రం నేనే వచ్చి సామాను బయట పెట్టించేవాణ్ని" అన్నారు. మా అమ్మాయి కడ్డీ తుడవడం మానేసింది. ఆయన మా పై అధికారుల్లో మంచివారు. ఆయన తర్వాత వచ్చినాయన గేటుకు రంగు బాగుందా లేదా అని మాత్రమే చూసేవాడు.

ఆ రోజు నుంచి నేను రోడ్డు మీదవాళ్లను ఏదడిగినా, నాకేమవుతుందో చెప్పలేదు, వాళ్లకేమవుతుందో చెప్పాను. నీకేమవుతుందో చెబితే జాలిపడి అబద్ధం చెబుతారు. రోడ్డు మీద డ్రైవరు జాలిగల జాతి, పైకి తిట్టినా సరే. ఆ జాలితోనే ప్రమాదం.

ఆఖరి గూడ్సు

రెండు వేలు దాటి చాలా ఏళ్లకు నా ఆఖరి రోజు వచ్చింది. మస్తాను గడ్డం నెరిసింది, లారీ వదిలి మోపెడు మీద వచ్చాడు. సాంబయ్య కొత్త ఆటోలో వచ్చాడు, హారను మాత్రం పాతదే. మధ్యాహ్నం గూడ్సు వేళకు ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు.

"అక్కా, ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారి పందెం కట్టలేదు. ఈ ఒక్కటీ కట్టు. సరా, బేసా?"

"సరి" అన్నాను, లైను మీద నుంచి చూపు తిప్పకుండా.

బండి వచ్చింది. వెనక ఏమంటున్నారో నేను వినలేదు. ఇంజను పోయింది, పెట్టెలు పోయాయి, గార్డు వచ్చాడు, నా జెండాకు జెండా ఊపాడు. ఆయన వెనక తోక, స్పష్టంగా. అది తుమ్మచెట్ల వంపు తిరిగే దాకా చూశాను. జెండా చుట్టాను. అప్పుడు వెనక్కి తిరిగాను.

"ఏం తేలింది? సరా, బేసా?"

మస్తాను సాంబయ్య వంక చూశాడు. సాంబయ్య మస్తాను వంక చూశాడు.

"లెక్క తప్పిపోయిందక్కా" అన్నాడు మస్తాను. "మేమూ తోకే చూస్తన్నాం."

వెళ్లి చక్రం తిప్పాను. గేటు లేచింది. ఒక్కసారిగా అన్ని హారన్లూ మోగాయి. అందులో ఏది ఎవరిదో నేను ఒక్కటీ పోల్చుకోలేకపోయాను, నవ్వుతూ ఉండటం వల్ల.